రాత్రులు పొడుగయ్యే వేళకు తోట

దసరాకు వారం ముందు ఏ ఊరి నర్సరీకి వెళ్ళినా జనమే. కొనేది దాదాపు ఒకటే: అప్పటికే విరగబూసి ఉన్న బంతి కుండీ, కాకపోతే చామంతి కుండీ. గుమ్మం పక్కన పెడితే పండగ రోజుల్లో చూడముచ్చటగానే ఉంటుంది. దీపావళి నాటికి పూలు నల్లబడతాయి. కార్తికం సగానికి ఎండిన కాడలు మిగులుతాయి. తప్పు మొక్కది కాదు. చిన్న కవరులో వేళ్ళు చుట్టలు చుట్టుకుపోయి, ఉన్న సత్తువంతా పూతకే పెట్టేసిన దశలో అది అమ్మకానికి వస్తుంది. దాని మంచి రోజులు నర్సరీలోనే గడిచిపోయి ఉంటాయి.

ఆశ్వయుజ, కార్తిక మాసాలు రెండూ రంగు తగ్గకుండా గడవాలంటే పని ఆషాఢంలో మొదలుపెట్టాలి. తొలకరి పడి, మట్టి నాని, పండగ ఊసు ఇంకా ఎవరికీ రాని రోజులవి. శరత్తు తోటలో నెగ్గేది డబ్బు కాదు, పంచాంగం.

ఎందుకు అంత ముందు? వాన ఒక కారణం. రెండోది చీకటి.

హైదరాబాదులో జూన్ మూడో వారంలో పగలు 13 గంటలు దాటి ఉంటుంది. సెప్టెంబరు చివరికి రేయింబవళ్ళు సమానమవుతాయి. డిసెంబరు మూడో వారానికి పగలు దాదాపు 11 గంటలకు దిగుతుంది. మనుషులు అంతగా పట్టించుకోని ఈ రెండు గంటల తేడా కొన్ని మొక్కలకు ప్రాణప్రదం. 1920లో అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసే గార్నర్, అలార్డ్ అనే శాస్త్రవేత్తలు ఈ సంగతి బయటపెట్టారు. వాళ్ళ దగ్గర మేరీలాండ్ మామత్ అనే పొగాకు రకం ఒకటి వేసవంతా ఏపుగా పెరిగేదే గాని పూసేది కాదు. రోజూ కొన్ని గంటలు ముందుగానే చీకట్లోకి చేర్చి పగటిని కుదిస్తే వేసవిలోనే పూసింది. 1938లో హామ్నర్, బానర్ ఇంకాస్త ముందుకు వెళ్ళారు. మొక్క లెక్కపెట్టేది పగటిని కాదు, మధ్యలో తెగని రాత్రిని అని వాళ్ళు తేల్చారు. రాత్రి నడుమ కాసేపు దీపం వెలిగితే చాలు, ఆ లెక్క చెడిపోతుంది. వాళ్ళు పరీక్షకు ఎంచుకున్న మొక్క ఏ గాజుగదిలోదో కాదు. చేలగట్ల మీద నడిచేవాళ్ళ పంచెలకూ చీరలకూ ముళ్ళకాయలు అంటించే మరులమాతంగి.

చామంతి, గోంగూర, నాటు చిక్కుడు ఈ జాతకం ఉన్నవే. రాత్రులు ఒక మోతాదు దాటి పెరిగితే తప్ప మొగ్గ తొడగవు. అందుకే ఒక ముఖ్యమైన జాగ్రత్త ఉంది, తోటల పుస్తకాలు దీన్ని ఎందుకో ఒక్క వాక్యంతో దాటేస్తాయి. వీధిదీపం వెలుగు నేరుగా పడేచోట, రాత్రంతా వెలిగే వరండా లైటు కింద చామంతి పెట్టకూడదు. ఆకు నిగనిగలాడుతూ, కొమ్మలు బలంగా ఉండి నవంబరు వచ్చినా మొగ్గ కనిపించకపోతే ఎరువులు మార్చి లాభం లేదు. కుండీ చోటు మార్చాలి. పాలీహౌసుల్లో చామంతి పెంచేవాళ్ళు ఇదే సూత్రాన్ని తిరగేసి వాడతారు. పూత కాస్త ఆలస్యం కావాలనుకుంటే రాత్రిపూట లైట్లు వేసి ఉంచుతారు, కావాల్సిన వేళకు ఆపేస్తారు.

చామంతికి విత్తనంతో పనిలేదు. పాత దుబ్బు మొదట్లో వచ్చిన పిలకలను జూన్, జూలైలో వేరుచేసి నాటాలి. నెల దాటాక తల తుంచితే పక్క కొమ్మలు వస్తాయి. వాటి తలలు ఇంకోసారి తుంచితే దుబ్బు గుండ్రంగా తిరుగుతుంది. ఆగస్టు ఆఖరుతో ఈ తుంచడం ఆపేయాలి. తర్వాత తుంచిన ప్రతి కొన మొగ్గయ్యే కొనే. ఇక్కడ చాలామందికి చెయ్యి ఆగదు. ఇలా పెంచిన చామంతి దసరాకు అందకపోవచ్చు. కార్తిక దీపాల నుంచి సంక్రాంతి ముగ్గుల దాకా మాత్రం అందుతుంది.

బంతికి ఇంత పట్టుదల లేదు. ఏ కాలంలోనైనా పూస్తుంది, రాత్రులు పెరిగితే కొంచెం తొందరపడుతుంది. విత్తనం నుంచి తొలిపువ్వుకు రెండు, రెండున్నర నెలలు. తెలంగాణలో పెత్రమాస నాడు ఎంగిలిపూల బతుకమ్మతో పూల అవసరం మొదలవుతుంది కనుక, ఆ రోజు నుంచి రెండున్నర నెలలు వెనక్కి లెక్కపెట్టి నారు పోసుకుంటే సరిపోతుంది. నెల వయసు నారు నాటి, కుదురుకున్నాక ఒక్కసారి తల తుంచాలి. పూత వారం, పదిరోజులు వెనకబడుతుంది గాని పూల సంఖ్య బాగా పెరుగుతుంది. ముద్దబంతి బరువుకు కాడలు వంగుతాయి, ఊతకర్ర తప్పదు. కారబంతి పొట్టిగా, రేకుల మీద ముదురెరుపుతో, ఊతలేకుండా నిలబడుతుంది. కుండీలకు అదే మేలు. కూరగాయల మడిలో బంతిని అక్కడక్కడ నాటడం వెనక అందం ఒక్కటే లేదు. దీని వేళ్ళలోని రసాయనం నేలలోని నులిపురుగులను అణచిపెడుతుంది.

ఇంతా చేసి బంతి మన నేల మొక్క కాదు. దాని సొంతూరు మెక్సికో. అక్కడ ఏటా నవంబరు 1, 2 తేదీల్లో చనిపోయినవాళ్ళను తలుచుకునే పండగకు ఇళ్ళలోనూ సమాధుల దగ్గరా బంతిపూలే పరుస్తారు. మనకు పెత్రమాస పెద్దలకు బియ్యం ఇచ్చే రోజు. ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే రెండు దేశాలూ శరత్తులో, పెద్దల పేరు తలుచుకునే రోజుల్లో, ఒకే పువ్వు చేతపట్టడం విచిత్రం.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ పెంచినా ఒక చిక్కు మిగిలే ఉంటుంది. బంతి పసుపు, చామంతి పసుపు, తంగేడు పసుపు, గుమ్మడి పువ్వు పసుపు. తెలుగు ఇళ్ళ శరత్తు తోటలో రంగు కరువు కాదు, పసుపు ఎక్కువైపోవడం అసలు ఇబ్బంది. అక్కడ ఇంకో పసుపు కుండీ చేర్చినా కంటికి తేడా తెలియదు. గుండ్రటి పువ్వు పక్కన పొడుగాటి కంకి, నున్నటి ఆకు పక్కన నూగున్న రేకు, ఒత్తు పొద పక్కన గాలికి ఊగే గడ్డి ఉంటేనే ఆ పసుపు కూడా వెలుగుతుంది. బతుకమ్మ పేర్చే ఆడవాళ్ళకు ఈ కిటుకు తెలుసు. తాంబాళంలో గుమ్మడాకులు పరిచి, వాటి మీద తంగేడు వరస, ఆ పైన గునుగు కట్టలు కొసలు సమంగా కోసి రంగుల్లో అద్దినవి, మధ్యలో బంతి, చామంతి. ఒక్క బంతిపూలతోనే గోపురం కట్టొచ్చు, కట్టరు.

నెదర్లాండ్స్ తోటల రూపశిల్పి పీట్ ఔడాల్ఫ్‌కు ప్రపంచమంతా పేరు వచ్చింది ఇలాంటి చూపుతోనే. న్యూయార్క్‌లో వాడుక ఆగిపోయిన గూడ్సు రైలు వంతెన మీద హై లైన్ అనే ఉద్యానవనం తొలిభాగం 2009లో తెరిచారు. అక్కడి మొక్కల ఎంపిక ఆయనది. ఆయన ముందు చూసేది మొక్క ఆకారం, తర్వాతే రంగు. పూత అయిపోయాక గింజకంకి ఎలా నిలబడుతుంది, ఎండిన కాడ ఏ రంగులోకి తిరుగుతుంది అన్నది కూడా ఆయన ఎంపికలో భాగమే. పువ్వు వాడగానే కత్తెర పట్టే అలవాటున్నవాళ్ళు ఈ ఒక్క సంగతి పాటించినా తోటకు ఇంకో నెల ఆయుష్షు కలుస్తుంది.

ఈ లెక్కన శరత్తు తోటలో మొదటి చోటు గునుగుకు ఇవ్వాలి. పత్తిచేలల్లో, జొన్నచేలల్లో రైతు కలుపని పీకేసే మొక్క ఇది. వెండి తెలుపు కంకికి కొసన గులాబీ ఛాయ. విత్తనం నల్లగా, మెరుస్తూ, ఆవగింజ కంటే చిన్నగా ఉంటుంది. మట్టిలో లోతుగా పూడ్చకుండా పైన చల్లి, ఇసుక పలచగా కప్పితే చాలు. ఎండ పుష్కలంగా ఉండాలి, ఎరువు మాత్రం తక్కువే పడాలి. ఎరువెక్కువైతే ఆకే గాని కంకి సరిగా రాదు. కోసి తలకిందులుగా నీడన వేలాడదీస్తే కంకి ఆకారం చెడకుండా ఎండుతుంది.

దీని దగ్గర చుట్టమే పట్టుకుచ్చు, కోస్తాలో కోడిజుట్టు పువ్వు అంటారు. ముడతలు పడిన ఆ మఖమల్ అంచు నిజానికి పెరుగుదలలో వచ్చిన ఒక వికారం. కొమ్మ కొసన ఒక బిందువుగా ఉండాల్సిన పెరిగేచోటు అడ్డంగా సాగి గీతలా మారుతుంది, పువ్వు వెడల్పుగా మడతలు పడుతుంది. ముదురు కెంపు రంగు పట్టుకుచ్చులు నాలుగింటిని గునుగు ముందు వరసలో పెడితే ఒకే కుటుంబంలోని రెండు తీర్లు పక్కపక్కన కనిపిస్తాయి. వీటికి సన్నటి నారున్నప్పుడే చోటు మార్చాలి. ముదిరాక కదిలిస్తే కంకి చిన్నదవుతుంది.

తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పం. రాళ్ళనేలల్లో, రోడ్డు పక్కన, నీళ్ళు పోసే దిక్కులేనిచోట పెరిగే పొద. ఇంటి తోటలోకి దీన్ని తేవడం చాలామందికి తోచదు, ఊరి బయట దొరుకుతుంది కదా అనుకుంటారు. పట్నం పెరుగుతున్నకొద్దీ ఆ ఊరి బయట ఎంత దూరం జరిగిందో పండగపూట బజారుకు వెళ్ళినవాళ్ళకు తెలుసు. గింజ పైపొర గట్టిది. గరుకుగచ్చు మీద కాస్త రుద్ది, వేడినీళ్ళలో ఒక రాత్రి నానబెట్టి నాటాలి. వేరు లోతుకు దిగే మొక్క కనుక నేల ఉంటే నేలలోనే పెట్టాలి, లేదంటే పెద్ద డ్రమ్ము కావాలి. పూత అయిపోయాక కొమ్మలు కత్తిరిస్తే వచ్చే ఏడాది కొత్త చిగుళ్ళ మీద బాగా పూస్తుంది. ఆకుల మీద పచ్చ గొంగళి పురుగులు కనిపిస్తే మందు కొట్టకూడదు. కొద్ది రోజుల్లో తోటంతా తిరిగే లేతపసుపు సీతాకోకచిలుకలు అవే.

శరత్తు అనగానే తలపుకొచ్చే రెల్లును మాత్రం ఇంటికి తేకపోవడమే మంచిది. గోదావరి లంకల్లో, కృష్ణ ఒడ్డున తెల్లగా విచ్చుకున్న రెల్లుపూలు కన్ను తిప్పుకోనివ్వవు, నిజమే. ఆ మొక్క నేల కింద దుంపకాడలతో పాకుతుంది, ఒకసారి కుదురుకుంటే పెకలించడం గగనం. ఆ మొండితనమే ఒకప్పుడు దేశానికి పనికొచ్చింది. కోయంబత్తూరు చెరకు పరిశోధన కేంద్రంలో బార్బర్, వెంకట్రామన్‌ల కృషితో తియ్యటి చెరకును ఈ రెల్లుతో సంకరం చేశారు. అలా పుట్టిన కో 205 రకం 1918లో రైతుల దగ్గరకు వచ్చింది. పొలానికి మేలుచేసిన ఆ గుణమే ఆరడుగుల మడిలో ఉపద్రవం.

దానికి బదులు సజ్జ ఉంది. కిరాణా కొట్లో దొరికే పొట్టు తీయని సజ్జలు గుప్పెడు జూలై చివర్లో చల్లితే దసరాకు ముందే కంకులు తలలెత్తుతాయి. నవ్వుతారేమో గాని, ఊదారంగు ఆకులున్న పర్పుల్ మెజెస్టీ అనే సజ్జ రకానికి 2003లో ఆల్ అమెరికా సెలెక్షన్స్ బంగారు పతకం ఇచ్చింది, ఆ బహుమతి అలంకార మొక్కగానే. కొర్ర ఇంకా అందం. కంకి బరువుకు తల వంచి, సాయంకాలం ఎండలో అంచు నూగు మెరుస్తుంది. పిచ్చుకలు వచ్చి తినిపోతాయి, అదీ తోట సంబరమే అనుకోవాలి. ఏడాది పొడవునా ఉండే గడ్డి కావాలంటే నర్సరీల్లో దొరికే ఊదారంగు ఫౌంటెన్ గ్రాస్ ఉంది. ఆ రకానికి గింజలు పడి మొలవడం అరుదు, రెల్లుతో ఉన్న భయం దీనితో లేదు.

ఇక వంటింటి మొక్కలు. శరత్తు తోటకు ఇంతకన్నా చవకైన రంగు దొరకదు.

నాటు చిక్కుడు గింజ ఆషాఢంలో పెడితే మూడు నెలలపాటు పందిరి కమ్మేసి ఆకులే చూపిస్తుంది. ఓపిక నశించి పీకేసేవాళ్ళూ ఉన్నారు. రాత్రులు పెరగగానే ఊదాపూల గుత్తులు, వెనకే ముదురు ఊదా కాయలు. అమెరికా మూడో అధ్యక్షుడు జెఫర్సన్ నివాసం మాంటిచెల్లోలో కూరగాయల తోట పందిరికి ఇప్పుడు ఈ తీగనే పాకిస్తున్నారు, కూర కోసం కాదు, అందం కోసం. ఆంధ్రదేశంలో చిక్కుడు పందిరి పెరటి వెనక దాక్కుంటుంది, దాన్ని ముందువైపు తెస్తే తప్పేమిటి? పేనుబంక పడుతుంది కనుక లేతకొసలను వారానికోసారి తిరగేసి చూడాలి. కనిపిస్తే నీళ్ళ ధారతో కొట్టి, లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్ళు కలిపి చల్లితే చాలు.

ఎర్రకాడ గోంగూరను సెప్టెంబరు దాకా పచ్చడికి కోసుకుని, ఆ తర్వాత రెండు మూడు మొక్కలను వదిలేయాలి. నిలువెత్తు పెరిగి అక్టోబరు, నవంబరులో లేతపసుపు పువ్వు, నడుమ ముదురు మచ్చతో పూస్తుంది. పువ్వు ఒక్కరోజుదే. ఆ తర్వాత కాయ చుట్టూ కండపట్టే ఎర్రటి రక్షకపత్రాలు వారాల తరబడి నిలుస్తాయి. చేత్తో విరిస్తే టక్కున విరిగే ఆ పులుపు కాయలతో పచ్చడీ చేస్తారు, ఎండబెట్టి టీ కూడా కాస్తారు. ఎర్ర తోటకూర దీనికి కింద వరసలో సరిగ్గా నప్పుతుంది. నెలకే కోతకొస్తుంది కనుక మూడు వారాలకోసారి కొత్తగా చల్లుతుండాలి.

ఊదారంగు లోటు తీర్చేవి డిసెంబరు పూలు. పేరు డిసెంబరుది గాని చలి తగలగానే ముందే మొదలుపెడతాయి. కొమ్మ విరిచి గుచ్చితే బతికే మొక్క, నీడలోనూ పూస్తుంది. పారిజాతానికి రంగుకన్నా ఆకు ముఖ్యం అంటే ఎవరూ ఒప్పుకోరేమో. ఒకసారి ఆ ఆకు పైన వేలు రాసి చూడాలి, ఉప్పుకాగితమంత గరుకు. అంత మోటు ఆకుల మధ్య నుంచి అంత సుకుమారమైన పువ్వు తెల్లవారుజామున రాలుతుంది. కింద సిమెంటు గచ్చు కాకుండా మట్టో పచ్చికో ఉంటే రాలిన పువ్వు నలగదు. క్రోటన్ల గురించి ఒక్కమాట: ఎండ తగలనిచోట పెట్టి రంగు రాలేదని బాధపడకూడదు. ఎరుపు, పసుపు ఆకుల్లోకి రావాలంటే పూటైనా ఎండ పడాలి.

ఆ ఎండ సంగతే మిద్దెతోటలవాళ్ళను ఎక్కువగా దెబ్బతీస్తుంది. జూన్‌లో సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, దక్షిణపు పిట్టగోడ వెంబడి పెట్టిన కుండీలకు బోలెడు ఎండ. నవంబరు మధ్యకు వచ్చేసరికి సూర్యుడు దక్షిణానికి వాలిపోతాడు. హైదరాబాదులో మిట్టమధ్యాహ్నం కూడా మూడడుగుల పిట్టగోడ రెండడుగులకు పైగా నీడ పరుస్తుంది. సరిగ్గా మొగ్గ తొడిగే వేళకు మొక్క నీడలో పడిపోతుందన్నమాట. బంతి, చామంతి కుండీలను దసరా అయ్యాక ఉత్తరపు గోడవైపు జరిపితే ఈ తంటా ఉండదు. ఖాళీ అయిన దక్షిణపు వరసలో డిసెంబరు పూలు పెట్టొచ్చు. గడ్డిజాతి కుండీలను చూసేవాళ్ళకూ పడమటి ఎండకూ మధ్యలో పెట్టాలి. వెలుగు వెనకనుంచి వస్తేనే కంకి నూగు కనబడుతుంది.

తెలంగాణలో అక్టోబరు మధ్యకల్లా నైరుతి రుతుపవనాలు వెనుదిరుగుతాయి, ఆ తర్వాత నీళ్ళు చేత్తో పోయాల్సిందే. కోస్తాలో కథ వేరు. అప్పుడే ఈశాన్య వానలు, తుపాన్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు నగరంలో వేలకొద్దీ చెట్లు నేలకొరిగాయి. కార్తికంలో తెల్లపూలు రాల్చే ఆకాశమల్లె ఎంత అందమైనదైనా పెళుసు కొమ్మల చెట్టు, సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ఇంటి దగ్గర నాటే సాహసం చేయకూడదు. అదే కాలంలో గులాబీ, ఊదా కలిసిన పూలు పూసే దేవకాంచనం అంత ఎత్తు పెరగదు, కత్తిరింపుకు లొంగుతుంది. కోస్తా చామంతికి కుండీ అడుగున నీళ్ళు నిలవకుండా చూడటం ఎరువు కంటే ముఖ్యం. నిలిస్తే కింది ఆకులు మచ్చలు పడి నల్లబడతాయి.

న్యూజెర్సీలోనో డాలస్‌లోనో బతుకమ్మ ఆడే తెలుగువాళ్ళకు సెప్టెంబరు దుకాణాల్లో చామంతులు కుప్పలుగా దొరుకుతాయి. విచ్చినవి కాకుండా మొగ్గమీద ఉన్నవి కొంటే పండగ దాటి నిలుస్తాయి. బంతీ గునుగూ తొలి మంచు పడగానే పోతాయి, కనుక అక్కడ వాటిని మే నెలలోనే నాటేయాలి. మెల్‌బోర్న్‌వాళ్ళ లెక్క పూర్తిగా తలకిందులు, వాళ్ళకు బతుకమ్మ వసంతంలో వస్తుంది.

డిసెంబరులో చేయాల్సిన పని కొంచెమే. గునుగు, పట్టుకుచ్చు కంకులను బాగా ఎండాక కాగితం సంచిలో వేసి దులిపితే వచ్చే ఏడాదికి సరిపడా విత్తనం రాలుతుంది. బంతిలో హైబ్రిడ్ల గింజ దాచుకోవడం దండగ, తల్లి పోలిక రాదు. పూసా నారంగి, పూసా బసంతి లాంటి రకాల గింజ అయితే దాచొచ్చు. చిక్కుడు కాయలు నాలుగు తీగ మీదే ఎండనిచ్చి, గింజలను బూడిదలో కలిపి సీసాలో పోయాలి. పూత అయిపోయిన చామంతిని మొదలుకు జానెడు పైన కోసి, కుండీని అరనీడలోకి జరిపి, ఎండాకాలమంతా మట్టి పూర్తిగా ఆరిపోకుండా చూస్తే జూన్ నాటికి కొత్త పిలకలు సిద్ధంగా ఉంటాయి.